ముక్కలు చెప్పే లెక్క



నాకు అత్యంత ఇష్టమైన ప్రశ్న ఒకటి మీ ముందుంచుతాను. అణుకేంద్రకాన్ని గట్టిగా కొడితే ఎన్ని ముక్కలవుతుంది?

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో జీఎస్ఐ పరిశోధన సంస్థ ఉంది. 1990 దశకం తొలినాళ్లలో అక్కడ బంగారు కేంద్రకాలను ఒక్కో న్యూక్లియాన్‌కు (ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కు) 600 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో పంపి, పలు పదార్థాల రేకుల మీద కొట్టారు. అంచు మాత్రమే రాసుకుంటే కొన్ని న్యూట్రాన్లు ఆవిరై, పెద్ద ముద్ద ఒకటి మిగులుతుంది. నట్టనడుమ తగిలితే అంతా పొడిపొడి. ఈ రెంటికీ మధ్యన, కార్బన్, నియాన్ అంత ముక్కలు ఒకేసారి మూడు నాలుగు ఎగసివస్తాయి. ఏ రెండు తాకిళ్లూ ఒకేలా ముక్కలు కావు.

మరి ఎన్ని విధాలుగా ముక్కలు కావచ్చు? 200 అనే సంఖ్యను చిన్న సంఖ్యల మొత్తంగా రాసే మార్గాలు దాదాపు 4 లక్షల కోట్లు. ఇలాంటి లెక్కకే రామానుజన్, హార్డీ 1918లో సూత్రం ఇచ్చారు. బాండార్ఫ్, బోత్వినా, మిషుస్తిన్ ప్రభృత భౌతికశాస్త్రవేత్తలు కేంద్రకాన్నీ ఇలాగే విడగొట్టి చూశారు. ప్రతి విభజనకూ దాని ఎంట్రోపీని బట్టి తూకం వేశారు. ఎన్ని ముక్కలైతే అంత ఉపరితలం పెరుగుతుంది, దానికి శక్తి ఖర్చవుతుంది. ప్రోటాన్ల వికర్షణ మాత్రం విడిపోవడానికే తోడ్పడుతుంది. అన్ని విభజనలనూ లెక్కించడం అయ్యే పని కాదు కనుక, కంప్యూటర్ వాటిలోంచి యాదృచ్ఛికంగా కొన్నిటిని ఏరుకుంటుంది.

1995లో జీఎస్ఐ పరిశోధకులు ఇలా చెదిరే కేంద్రకాల ఉష్ణోగ్రతను కొలిచారు. శక్తి పెంచుతున్నా అది చాలా దూరం 5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే, అంటే దాదాపు 5,800 కోట్ల డిగ్రీల దగ్గరే ఆగింది. ఎసరు తెర్లుతున్నప్పుడు మంట పెంచితే ఆవిరే పెరుగుతుంది కదా, అలాగన్నమాట.

ఈ లెక్కంతా నిలబడింది ఒక్క ఊహ మీద: చెదిరేలోపే కేంద్రకం సమతాస్థితికి వచ్చి, తననెలా కొట్టారో మరచిపోతుందని. అంత క్షణికమైన ఘటనలో అది సాధ్యమేనా? అందుకే లక్ష్యాన్ని మార్చి చూశారు. కార్బన్, అల్యూమినియం, రాగి, సీసం ఏది పెట్టినా, ముక్కల సంఖ్య ఒకే వక్రరేఖ మీద పడింది. నాకు ఆ పటం ఎంతో అందమైనది. ఊహ తప్పయి ఉంటే అక్కడే బయటపడేది. అయితే నట్టనడిమి తాకిళ్లలో ముక్కలు బయటికి ఉరికే సామూహిక వేగం ఉంటుంది. అక్కడ ఈ ఊహ ఒక్కటే చాలదు.

పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, వాతావరణ కేంద్రాల్లో ఇలాంటి నమూనాలే నడపబోతున్నారు. మీ నమూనాకు ఆ నాలుగు రేకులు ఏవో మొదటి రోజే వెతకండి. భౌతికశాస్త్రంలోనే ఉండేవాళ్లకు సూపర్నోవా పదార్థం ఎదురుచూస్తోంది: ఇవే సమీకరణాలు అక్కడ, ఎలక్ట్రాన్ల సముద్రంలో, ఏ కేంద్రకాలు నిలుస్తాయో లెక్కిస్తున్నాయి. రండి, పని చాలా ఉంది.