మొదటి భాగం ఎక్కడ పోయింది?

(పాకాలలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మందుల బిల్లుల గురించి మాట్లాడవలసిన సభలో నేను పిల్లల బొమ్మల కార్యక్రమం గురించి మాట్లాడబోతున్నాను. కార్యదర్శిగారు పది నిమిషాలే ఇచ్చారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ గడువు దాటలేదు. ఇప్పుడూ దాటను.

మొన్న సెలవులకు వచ్చిన మా మనవడు దిగులుగా కూర్చున్నాడు. ఏమిరా అంటే, "తాతా, నేను చూసే బొమ్మల సీరియల్ అన్నిటికంటే ముందు తీసిన భాగం ఎక్కడా దొరకడం లేదంట" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆలోచిస్తే నవ్వు పోయింది.

టెలివిజను సీరియల్ తీసేవారు ముందుగా ఒక నమూనా భాగం తీస్తారు. మన ఆఫీసుల్లో డ్రాఫ్టు పెట్టినట్లు దాన్ని పైవారికి చూపిస్తారు. వారు ఒప్పుకుంటే బొమ్మల ముఖాలు, గొంతులు మార్చి అసలు సీరియల్ మొదలుపెడతారు. చాలాసార్లు నమూనా ప్రసారం కాదు. ఫెయిర్ కాపీ సంతకమయ్యాక డ్రాఫ్టు ఎవరికి కావాలి? ఎక్కడో బీరువాలో పడి, ఒకనాడు మాయమవుతుంది.

నేను ముప్పై ఏళ్లు రికార్డు రూములో పనిచేసినవాణ్ణి. ముగిసిన ఫైలు ఎన్నాళ్లుంచాలో మనకు లెక్క ఉండేది. శాశ్వతంగా ఉంచేది ఆర్.డిస్., పదేళ్ల తర్వాత తీసేసేది డి.డిస్., ఏడాది గడిస్తే పోయేది ఎల్.డిస్. లోకంలో మొట్టమొదటి వస్తువులన్నిటినీ మనుషులు ఎల్.డిస్. చేసేశారని నాకు అనిపిస్తుంది. అవి మొదటివని అప్పటికి ఎవరికీ తెలియదు గనుక.

బొమ్మల చిత్రాలనే చూడండి. ప్రపంచంలో తొలి పూర్తి నిడివి బొమ్మల చిత్రంగా చెప్పుకొనే 'ఎల్ అపోస్తోల్' 1917లో అర్జెంటీనాలో వచ్చింది. 1926లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. నేడు చూద్దామంటే లేదు.

అంత దూరం ఎందుకు, మన సంగతి చూద్దాం. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'. అదీ ఒక పిల్లవాడి కథే. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి నాటకం ఆధారంగా హెచ్.ఎం. రెడ్డిగారు బొంబాయిలో తీశారు. మన పాకాల జంక్షన్ నుంచి రైలు మార్గం వెళ్లి చేరే ధర్మవరమే ఆయన ఇంటిపేరులోని ఊరు. సురభి కమలాబాయిగారు లీలావతి, మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు. తర్వాత అంతటి పేరు తెచ్చుకున్న ఎల్.వి. ప్రసాద్‌గారు అందులో చిన్న వేషం వేశారు. ఆ సినిమా నేడు లేదు. ఒక్క ప్రింటు కూడా మిగలలేదు.

ఆ రోజుల ఫిల్ము నైట్రేటుతో చేసినది, ఇట్టే నిప్పంటుకొనేది. ఆట ముగిసిన ప్రింట్లను అందులోని వెండి కోసం కరిగించి అమ్ముకొనేవారు కూడా. భద్రపరిచే జాతీయ ఫిల్ము భాండాగారం పూనాలో ఏర్పడింది 1964లో. ప్రహ్లాదుడు తెరమీదికి వచ్చిన 32 ఏళ్లకు!

ఇంకొక్క మాట. ఆ సినిమా 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం అందరం నమ్మాము. పాత్రికేయులు రెంటాల జయదేవగారు పాత కాగితాలు వెదికి, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని నిరూపించారు. అంటే బొమ్మ పోతే బొమ్మతో ఆగదు, తేదీ కూడా పోతుంది. మనకు పుట్టిన తేదీ ఒక్కరోజు తేడా వస్తే పెన్షను కాగితాలు వెనక్కు వస్తాయే! ఆ సినిమా పుట్టినరోజు దశాబ్దాల తరబడి తప్పుగానే నడిచింది.

సరే, అది ఫిల్ము. టెలివిజను టేపుల గతి ఇంకో విధం. టేపు ఖరీదైనది, మళ్లీ వాడుకోవచ్చు. అందుచేత పాతదాన్ని చెరిపి దానిమీదే కొత్తది రికార్డు చేసేవారు. మన దూరదర్శన్‌లోనూ ఇది జరిగింది, లండనులో బి.బి.సి.లోనూ జరిగింది. 'డాక్టర్ హూ' అనే కార్యక్రమం 1963లో పిల్లలూ పెద్దలూ కలిసి చూడడానికి మొదలైంది. దాని నమూనా భాగం పైఅధికారికి నచ్చక మళ్లీ తీయించాడు. విచిత్రమేమంటే, తిప్పికొట్టిన ఆ నమూనా మిగిలి 1991లో ప్రసారమైంది. ఒప్పుకొని ప్రసారం చేసిన భాగాలు మాత్రం ఎన్నో చెరిగిపోయాయి.

అయితే అప్పట్లో కొందరు కుర్రవాళ్లు ఇంట్లో టేపురికార్డరు పెట్టుకొని ఆ కార్యక్రమాల శబ్దాన్ని పట్టుకున్నారు. ఆఫీసు పోగొట్టినదాన్ని ఇల్లు దాచింది. 2006లో ఒక కథలో పోయిన రెండు భాగాలకు ఆ పాత గొంతుల మీద కొత్తగా బొమ్మలు గీసి మళ్లీ జనానికి చూపించారు. గొంతు మిగిలితే బొమ్మ తిరిగి వస్తుందన్నమాట.

ఇక నా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను.

మా అమ్మ తరిగొండ వెంగమాంబ హారతి చక్కగా పాడేది. 1988లో ఒక సాయంత్రం ఆమె పాటలు క్యాసెట్టులో పట్టాను. మరుసటి ఏడు ఆమె పోయింది. కొన్నాళ్లకు మావాడు దానిమీద సినిమా పాటలు ఎక్కించాడు. వాణ్ణి కొట్టబోయి ఆగాను. తప్పు వాడిది కాదు. ముప్పై ఏళ్లు ఊరందరి ఫైళ్లకు చీటీలు అంటించిన నేను, మా అమ్మ క్యాసెట్టు మీద పేరు రాయలేదు. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని విరిచేస్తే ఇక దానిమీద రికార్డు కాదు. గోటితో చేసే పని. చేయలేదు.

సినిమా పాటలు అయిపోయాక చివర అర నిమిషం మిగిలింది. అందులో హారతి లేదు. "చాల్లే నాయనా, పొయ్యి మీద పాలున్నాయి" అనే మాట ఒక్కటే ఉంది. మొన్న మా మనవడు దాన్ని ఫోనులోకి ఎక్కించి, "ఏం పేరు పెట్టమంటావు తాతా?" అన్నాడు. "ఆర్.డిస్. అని రాయరా" అన్నాను. వాడికి అర్థం కాలేదు. మీకు అర్థమవుతుంది.

కనుక మిత్రులారా, నా విన్నపం ఇంతే. ఇంటికి వెళ్లి బీరువా పైఅర వెదకండి. పెళ్లి వీడియోలు, పాత క్యాసెట్లు, ఫొటోలు తీయండి. ఎవరిదో, ఏ ఏడాదిదో రాయండి. ఎండకూ చెమ్మకూ దూరంగా, క్యాసెట్లను నిలువుగా నిలబెట్టి ఉంచండి. ఆడే యంత్రాలు కరువైపోతున్నాయి, పిల్లల చేత వెంటనే కాపీ తీయించి రెండు చోట్ల దాచండి. బతికే ఉన్నామని ఏటేటా మనం ధ్రువపత్రం ఇస్తున్నాము. మనవారి గొంతుల తరఫున ఆ పత్రం ఇవ్వవలసినదీ మనమే.

నా పది నిమిషాలూ అయినాయి. సెలవు.