ఆడమ్ స్మిత్, తాండూరు కంది
(స్మారకోపన్యాసం)



ఈరోజు మనం స్మరించుకుంటున్న మాస్టారు జీవితమంతా అర్థశాస్త్రం బోధించారు. ఆయన పేరిట జరిగే ఈ సభలో, ఆ శాస్త్రానికి పునాది వేసిన ఆడమ్ స్మిత్‌ను మన తాండూరు కంది మార్కెట్ దగ్గర నిలబడి చదువుదాం.

స్మిత్ రాసిన ‘జాతుల సంపద’ 1776లో వెలువడింది. ‘అదృశ్య హస్తం’ అన్న మాట అందులో ఒక్కసారే వస్తుంది. ప్రభుత్వం తప్పుకుంటే అన్నీ వాటంతటవే చక్కబడతాయన్నాడని కొందరు ఆయన్ను మెచ్చుకుంటారు. వర్తకుల వకీలని కొందరు నిందిస్తారు. రెండూ ఆ పుస్తకానికి అన్యాయం చేసే మాటలే. ఒకే వ్యాపారం చేసేవాళ్ళు కలిసి కూర్చుంటే ధర పెంచే ఎత్తుగడే పుడుతుందని హెచ్చరించింది ఆయనే. కూలి బేరంలో యజమాని ఏడాది, రెండేళ్ళు ఆగగలడు, కూలివాళ్ళలో చాలామంది వారం కూడా ఆగలేరు, గెలుపు అక్కడే తేలిపోతుందని రాసిందీ ఆయనే.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు పెరిగింది కానీ బేరం బలం పెరిగిందా? వానాకాలంలో వేసిన కంది సంక్రాంతికి అటూ ఇటూగా యార్డుకు చేరుతుంది. ఎరువుల దుకాణం బాకీ, కూలీల డబ్బులు తీర్చాల్సిన రైతు ఆగలేడు. ఖరీదుదారు ఆగగలడు. స్మిత్ కూలి గురించి చెప్పింది మన కందికీ వర్తిస్తుంది.

ఇలాంటి బేరానికి నియమాలు పెట్టడానికి నిజాం పాలనలో, 1930లోనే హైదరాబాదు వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి చట్టం దాని స్థానం తీసుకుంది. ఇలాంటి చట్టాలు కోరే బహిరంగ వేలం, నికరమైన కాంటా, చేతికందే తక్‌పట్టీ (తూకం, ధర రాసిన చీటీ) స్వేచ్ఛకు అడ్డంకులు కావు. అవి ఉంటేనే బేరం స్వేచ్ఛగా సాగుతుంది. అయితే లైసెన్సులు కొద్దిమంది దగ్గరే ఉండిపోతే అదే చట్టం గుత్తాధిపత్యానికి కాపలా కాస్తుంది. స్మిత్ పోరాడింది అలాంటి ప్రత్యేక హక్కుల మీదే.

ఆయన ధాన్యం వర్తకుణ్ణి సమర్థించాడు కూడా. కరువులో ముందుగానే ధర పెంచితే జనం పొదుపుగా వాడతారని, ఉన్న గింజలు పంటకాలం దాకా వస్తాయని ఆయన వాదన. వర్తకులు అనేకమంది, దేశమంతా చెదిరి ఉంటారు కాబట్టి కూడబలుక్కోలేరన్న నమ్మకం మీద ఆ వాదన నిలిచింది. కాబట్టి నిల్వల గురించి వాదించే ముందు, కొనేవాళ్ళు ఎంతమందో అడగాలి.

ఇప్పుడు ఢిల్లీ నిర్ణయాలు చూడండి. కంది దిగుమతికి 2017 ఆగస్టులో పరిమితి పెట్టారు. 2021 మేలో తలుపులు తెరిచారు. 2023 జూన్‌లో వర్తకుల నిల్వలకు హద్దు గీశారు. స్మిత్ దిగుమతి స్వేచ్ఛను కోరినవాడే. కానీ ఎందరో బతికే రంగంలో ఆ మార్పు మెల్లగా, జాగ్రత్తగా రావాలన్నాడు. విత్తేనాటికి ఉన్న నియమం కోతనాటికి ఉంటుందో లేదో తెలియని రైతుకు ఏ స్వేచ్ఛా లేదు.

విద్యార్థులారా, కంది సీజనులో యార్డుకు వెళ్ళండి. ఒక్కో కుప్పకు ఎంతమంది పాట పాడుతున్నారో రాసుకోండి. గోదాములో పంట పెట్టి దానిమీద అప్పు తెచ్చుకునే వీలు ఎందరికి అందుతోందో అడగండి. ‘ఈ ధరకు ఇవ్వను’ అని రైతు నష్టపోకుండా అనగలిగిననాడే మనది స్వేచ్ఛా మార్కెట్ అవుతుంది.