చికాగో రెస్టారెంట్ నుంచి మన ఫోన్‌లోకి: వాహ్‌చెఫ్ సంజయ్ తుమ్మ గారి రూటు

బోయిగూడ నుంచి మళ్లీ వచ్చేశా. ఈరోజు ఒక చెఫ్ గురించి మాట్లాడుకుందాం. సంజయ్ తుమ్మ అంటే కొంతమందికి వెంటనే గుర్తురాకపోవచ్చు. వాహ్‌చెఫ్ అంటే మాత్రం "ఆ, తెలుసు తెలుసు" అంటారు. రూమ్‌లో ఉంటూ వంట నేర్చుకున్న బ్యాచిలర్స్‌లో చాలామందికి ఆయనే గురువు.

అయితే యూట్యూబ్‌కి ముందు ఆయన ఏం చేశారో ఎక్కువమందికి తెలీదు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, హోటల్ కిచెన్లలో పని నేర్చుకుని, అమెరికా వెళ్లి చికాగోలో 'సిజిల్ ఇండియా' పేరుతో రెస్టారెంట్ నడిపారు.

రెస్టారెంట్ అంటే బయటికి గల్లాపెట్టె ఒక్కటే కనిపిస్తుంది. లోపల కథ వేరు. జనం వచ్చినా రాకపోయినా అద్దె కట్టాలి. పండగ రోజే ఎక్కువ పని. మిగిలిన కూర పారేస్తే అది మన జేబులోంచే పోతుంది. పైగా అక్కడ చాలామంది బటర్ చికెన్, నాన్ అని ముందే ఫిక్సయి వస్తారు. వాళ్ల ముందు గోంగూర పెట్టాలంటే ధైర్యం కావాలి.

అలాంటి లైఫ్ వదిలేసి హైదరాబాద్ తిరిగొచ్చి, 2007లో వాహ్‌రేవాహ్ డాట్ కామ్ మొదలుపెట్టారు. ఆ టైమ్ ఒకసారి ఊహించుకోండి. యూట్యూబ్ పుట్టింది 2005లో. గూగుల్ దాన్ని కొన్నది 2006లో. జియో రావడానికి ఇంకా 9 ఏళ్లుంది! నిమిషం వీడియో చూడాలంటే రెండు నిమిషాలు ఆ చక్రం తిరుగుతూ ఉండేది. పెళ్లిచూపుల్లో "యూట్యూబర్‌ని" అని చెప్పుకునే రోజులు కావు అవి.

మరి ఎలా క్లిక్ అయ్యింది? నా లెక్క ఇది. అప్పటికే మనవాళ్లు చదువుకోవడానికి, ఉద్యోగాలకి బయటి దేశాలు వెళ్లిపోయారు. వాళ్ల దగ్గర మంచి నెట్ ఉంది, ప్రెషర్ కుక్కర్ ఉంది, ఆకలి ఉంది. అమ్మకి ఫోన్ చేస్తే "ఉప్పు తగినంత వెయ్యి నాన్నా" అంటుంది. ఆ తగినంత ఎంతో ఎవడికి తెలుసు? ఈయన పక్కన నిలబడి చెప్పినట్టు చెప్పారు. అది కూడా మన యాసలోని ఇంగ్లిష్‌లో, ఏ మొహమాటం లేకుండా. రెస్టారెంట్‌లో ఎన్ని టేబుళ్లుంటే అంతమందికే వడ్డించగలం. వీడియోకి ఆ లెక్క లేదు.

ఇప్పుడు దీనికి సరిగ్గా రివర్స్ కేసు చూడండి. పిమ్ టెచమువన్‌వివిట్, బ్యాంకాక్ అమ్మాయి. సిలికాన్ వ్యాలీలో టెక్ జాబ్ చేసి, 'షే పిమ్' అనే ఫుడ్ బ్లాగ్‌తో పేరు తెచ్చుకున్నారు. 2014లో శాన్‌ఫ్రాన్సిస్కోలో థాయ్ రెస్టారెంట్ తెరిచారు. తర్వాతి ఏడాదే మిషెలిన్ స్టార్! ఆ రెస్టారెంట్ పేరు 'కిన్ ఖావ్'. థాయ్‌లో అన్నం తినడం అని అర్థం. మనం "అన్నం తిన్నావా?" అని పలకరించుకున్నట్టే వాళ్లూ పలకరించుకుంటారు.

ఈయన కిచెన్ నుంచి ఇంటర్నెట్‌కి వచ్చారు, ఆవిడ ఇంటర్నెట్ నుంచి కిచెన్‌కి వెళ్లారు.

నేనూ బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి ఈ కెమెరా ముందు కూర్చున్నవాణ్నే. అందుకే "అన్నా, నేనూ జాబ్ మానేయనా?" అని మెసేజ్‌లు వస్తుంటాయి. తమ్ముడూ, ఈ ఇద్దరిలో ఎవరూ ఖాళీ చేతులతో దూకలేదు. ఆయన చేతిలో ఏళ్ల తరబడి గరిటె తిప్పిన అనుభవం ఉంది. ఆవిడకి నాలుక మీద రుచి, రాయడంలో పట్టు ఉన్నాయి. రిజైన్ చేయడానికి ఒక్క మెయిల్ చాలు, అది స్కిల్ కాదు. మెయిల్ కొట్టే ముందు, నీ చేతిలో ఏ పని ఉందో చూసుకో. ఉంటే భయపడకు. లేకపోతే ఇవాళ సాయంత్రం నుంచే నేర్చుకోవడం మొదలుపెట్టు, జీతం వస్తుండగానే.

అంతే ఫ్రెండ్స్. వాహ్‌చెఫ్ వీడియో చూసి మీరు మొదట వండింది ఏంటో, అది ఎవరు తిన్నారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం. అన్నం తినండి, టైమ్‌కి తినండి. బై!