పందెం రోజు కడుపునొప్పి



ఇవాళ మీతో ఒక కడుపునొప్పి గురించి మాట్లాడదామని వచ్చాను. మందుకు తగ్గేది కాదు లెండి. మా చిన్నమ్మాయికి ఆటల పోటీలున్న రోజు పొద్దున్నే వచ్చేది. మొదటిసారి వాము నీళ్ళు పట్టాను. రెండోసారి వేషాలేస్తోందని కసిరాను. మూడోసారి మన ఉక్కు స్టేడియంలో పరుగు పందెం నాడు కూడా వచ్చేసరికి గానీ నాకు అనుమానం తగల్లేదు.

అది వేషం కాదు. కంగారు పుడితే ఒంట్లో ఎడ్రినలిన్ ఊరుతుంది. గుండె దడదడలాడుతుంది. నెత్తురు పొట్టనుంచి కండరాలకు మళ్ళుతుంది. అందుకే కడుపులో తిప్పడం, మాటిమాటికీ బాత్‌రూముకు పరుగెత్తడం. ఒళ్ళు పరుగుకు సిద్ధమవుతోందన్నమాట. ఈ ముక్క పిల్లకి చెబితే సగం బెంగ తీరుతుంది. మరి మనం చెప్పేదేమిటి? "భయపడకు, భయపడకు" అని పదిసార్లు! దాంతో లేని భయం కూడా పుట్టుకొస్తుంది.

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజినే చూడండి. 2023 అక్టోబరు 1న హాంగ్‌చౌ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. చైనా అమ్మాయి తుపాకి పేలకముందే కదిలింది. తప్పు జ్యోతిదీ అని మొదట ఇద్దరినీ తప్పుకోమన్నారు. జ్యోతి ఒప్పుకోలేదు. వాదోపవాదాలయ్యాక ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. అంత గొడవ జరిగాక మళ్ళీ వెళ్ళి గీత దగ్గర నిలబడటం మాటలా! 12.91 సెకన్లలో మూడోదిగా వచ్చింది. తర్వాత చైనా అమ్మాయిని అనర్హురాలిగా తేల్చడంతో మన పిల్లకి వెండి పతకం దక్కింది. భయం, కంగారు పోయాకే పరుగెత్తాలంటే ఎవరూ పరుగెత్తలేరు.

పందేనికి రెండు మూడు గంటల ముందు రెండిడ్లీలు చాలు. బలం వస్తుందని నెయ్యి గారెలు పెట్టకండి. కాస్త ముందుగా తీసుకెళ్ళి మైదానం చూపించండి. ఊపిరి నెమ్మదిగా, బాగా పొడుగ్గా వదలడం ఇంట్లోనే అలవాటు చేయించండి. ఆ పూట కొత్తగా నేర్పితే రాదు. రోజుల తరబడి తిండీ నిద్రా లేకపోతే మాత్రం డాక్టరుకి చూపించాల్సిందే.

ఇక అసలు సంగతి చెప్పాలి, కాస్త సిగ్గుగానే ఉంది. ఆ మూడో పందెం ముందు రాత్రి జడ విప్పుతుంటే అది నెమ్మదిగా అంది: "అమ్మా, రేపు నువ్వు రావద్దే. గీత దగ్గర నిలబడితే నీ మొహమే కనిపిస్తుంది నాకు."

నేనెప్పుడైనా కొట్టానా, తిట్టానా? ఓడి వచ్చిన రోజు ఇంటిదాకా నోరు మెదపకుండా నడిచాను, అంతే. మధ్యలో ఒకసారి పక్కింటి పిల్ల కప్పు గెలిచిందన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కడుపు నొస్తోందన్నా పొద్దున్నే బయల్దేరింది. వెళ్ళాను గానీ గేటు బయట చెట్టు కింద కూర్చున్నాను. నాలుగోదిగా వచ్చిందట. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. బూట్లు విప్పుకుంటూ అదే అంది: "అమ్మా, ఆకలేస్తోంది. బజ్జీలు కొనిపెట్టవూ?"