లెక్క అడగని నేల
(నల్లమాడలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకంగా ఈ సభ జరుగుతోందో ఆ సారు పేరు కరపత్రం మీద ఉంది. ఇక్కడి బడిలో చదువుకున్న మాకు మాత్రం ఆయన సైన్సు సారే. శనివారం బడి వదిలాక మమ్మల్ని గుట్టకు తోలుకుపోయి, కానుగ చెట్టు కింద కూర్చోబెట్టి, కాసేపు ఎవరూ మాట్లాడొద్దనేవారు. పాఠం ఎప్పుడు చెప్తారా అని చూసి చూసి ఒకరిద్దరు నిద్రపోయేవాళ్లు. సారు లేపేవారు కాదు.

నేను మానసిక వైద్యుణ్ణి. ఈ పక్క ఊళ్ల రైతు ఒకాయన కొన్నేళ్ల కిందట నా దగ్గరికొచ్చాడు. నిద్ర లేదు, ఆకలి లేదు, ఎదలో బరువు. మందులు రాసిచ్చి, పుస్తకంలో చదివిన మాట ఒకటి కూడా చెప్పాను: రోజూ కాసేపు పచ్చదనంలో తిరుగు నాయనా అని. ఆయన నన్ను జాలిగా చూశాడు. "నేనుండేదే చేన్లో కదా సార్. దాన్ని చూసే కదా నిద్ర పోయింది" అన్నాడు.

ఈ ఉపన్యాసమంతా ఆ మాటకు నేను వెతుక్కున్న జవాబే.

ముందు పుస్తకాల మాట. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన అమెరికాలో ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేశాడు. ఒకే రకం ఆపరేషన్ అయినవాళ్లలో, కిటికీలోంచి చెట్లు కనబడిన 23 మందినీ, ఇటుక గోడ కనబడిన 23 మందినీ పోల్చాడు. చెట్లను చూసినవాళ్లు ముందుగా ఇంటికి పోయారు, నొప్పికి బలమైన మందులు తక్కువ వాడారు. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 38 మందిలో కొందరిని చెట్లున్న పచ్చికబయలులో, కొందరిని రద్దీ రోడ్డు పక్కన తొంభై నిమిషాలు నడిపించారు. బయలులో నడిచినవాళ్లకు మనసు నెమరువేత తగ్గింది. ఆవు నెమరేస్తే మేత అరుగుతుంది. మనిషి అప్పునీ వడ్డీనీ నెమరేస్తే ఏదీ అరగదు. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో, ఇంగ్లండులో సుమారు ఇరవై వేలమందిని అడిగి, వారానికి రెండు గంటలు ప్రకృతిలో గడిపేవాళ్లు బాగున్నామని ఎక్కువగా చెబుతున్నారని తేల్చారు. బాగున్నవాళ్లే ఎక్కువ తిరుగుతారేమో అన్న అనుమానం నాకింకా పోలేదు. అది పక్కన పెడదాం.

ఈ మూడు పరిశోధనలూ చూపిన చెట్లలో ఒక్కటి కూడా, వాటిని చూసినవాళ్ల సొంతం కాదు. కిటికీ బయటి చెట్టు ఆ రోగికి బాకీ లేదు, ఆ రోగి దానికి బాకీ లేడు.

మన చేను అట్లా కాదు. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు పిండేస్తాయి. ఈశాన్య వాన సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ కురవాల్సినప్పుడు కురవదు. పదునైందని చెనిక్కాయ విత్తుతాం. ఊడలు దిగేటప్పుడు వాన మొహం చాటేస్తే, నేల గట్టిపడి ఊడ లోపలికి పోదు. పైన చెట్టు పచ్చగానే ఉంటుంది, కింద కాయ ఉండదు. ఆ పచ్చదనాన్ని చూసి ఊరట పొందమని ఏ డాక్టరు చెప్పగలడు? చేను ప్రకృతే, కానీ విత్తనం అప్పు, బోరు అప్పు అన్నీ రాసిపెట్టిన చిట్టా కూడా. దాని ముందు నిలబడితే లెక్కే గుర్తొస్తుంది.

మరి లెక్క అడగని నేల ఏది? గుట్ట, వంక, కుంట, చెరువు కట్ట, కట్ట మీది వేపచెట్టు. ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ. ఆ రైతునే, చివరిగా మనసు తేలికగా ఎప్పుడుండింది అనడిగితే, చిన్నప్పుడు గుట్టమీద మేకలు కాసిన రోజులు చెప్పాడు. ఇప్పుడా గుట్టమీద రాయి తప్ప ఏమీ లేదట. ఆస్ట్రేలియాలో బొగ్గు గనులూ కరువూ కలిసి ఊళ్ల రూపు మార్చేస్తే, ఇంట్లోనే ఉండి ఇల్లు పోగొట్టుకున్నట్టు కుమిలే జనాన్ని చూసి గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ అనే తత్త్వవేత్త ఆ దిగులుకు 'సొలాస్టాల్జియా' అని పేరు పెట్టాడు. మనకు పేరు లేదు, దిగులు మాత్రం ఉంది.

లెక్క అడగని చెట్టు దగ్గర మనసు తేలికవుతుందన్న సంగతి మన పెద్దలకు తెలియంది కాదు. కదిరి దాటి గూటిబయలు పోతే తిమ్మమ్మ మర్రిమాను, దాదాపు ఐదెకరాల నీడ. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. పిల్లలు లేని దంపతులు తమ దుఃఖాన్ని మోసుకొని ఆ చెట్టు దగ్గరికి వస్తారు. ఆ చెట్టు స్థలపురాణంలో చెప్పే తిమ్మమ్మ సహగమనాన్ని నేను మెచ్చను. చెట్టుకు చెప్పుకోవడాన్ని మాత్రం ఎగతాళి చెయ్యను.

గుట్టల మీద పోయిన పచ్చదనం తిరిగి వస్తుందా? వచ్చిన చోటు మనకు పడమటనే ఉంది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల మిత్రులు 32 ఎకరాల బీడుతో టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. తర్వాత ముష్టికోవెల చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి ఏడు వేల ఎకరాలకు పైగా బోడిగుట్టల్ని కాపాడుకుంటూ వచ్చారు. దాని పేరు కల్పవల్లి. నాటింది తక్కువ, నరకనివ్వకుండా కాలనివ్వకుండా చూసుకున్నది ఎక్కువ. మొద్దులు చిగిర్చాయి, బోదగడ్డి లేచింది, వంకల్లో ఈతచెట్లు వచ్చాయి, తోడేళ్లు కూడా తిరుగుతున్నాయి. వాళ్లు చేసింది మట్టికోసం, నీటికోసం, మేతకోసం. నేను ఒక సాయంత్రం అక్కడ గట్టున కూర్చుంటే సైన్సు సారు శనివారాలు గుర్తొచ్చాయి, అంతే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. చెట్టు డాక్టరు కాదు. చచ్చిపోవాలనిపించేవాణ్ణి గుట్టకు పంపి చేతులు దులుపుకోకండి. వాడి పక్కన కూర్చోండి, 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలీమానస్, ప్రభుత్వానిది, పగలూ రాత్రీ పలుకుతుంది, పైసా అడగదు. నా రైతు కూడా మాత్రలు మానలేదు. చెరువు కట్టమీదికి పోతున్నాడు, మాత్రలూ వేసుకుంటున్నాడు.

మొక్కలు నాటండని చెప్పి ఫోటో దిగి పోవడానికి నేను రాలేదు. అడిగేది ఒక్కటే. ఏటా మాఘం దాటగానే ఎవరో ఒకరు గుట్టకు నిప్పు పెడతారు, కొత్త గడ్డి బాగా వస్తుందనో, వాన పడుతుందనో. ఆ మంటలో కాలేది ఎండుగడ్డి ఒక్కటే కాదు, అప్పుడే తలెత్తిన కానుగ, తంగేడు, సీతాఫలం మొలకలు కూడా. ఈ ఎండాకాలం మన గుట్టకు నిప్పు పెట్టకండి. పెట్టేవాళ్లను ఆపండి.