అల్లికకు తగిన సూదులు, దారములు



ఏ శాస్త్రము నారంభించినను విషయ మేమి, ప్రయోజన మేమి, అధికారి యెవడు అను మూడు ప్రశ్నలకు ముందుగా సమాధానము చెప్పుట మన పెద్దల సంప్రదాయము. నేనును ఆ త్రోవనే నడచెదను. నేటి విషయము, రెండు సూదులతో ఊలు అల్లుటకు కావలసిన పనిముట్లను, దారమును ఎన్నుకొను విధము. ప్రయోజనము, పడిన శ్రమ వ్యర్థము కాకుండుట. ఇక అధికారి యెవడు? ఈ మాట చెవిని బడగానే గ్రామపెద్దలలో కొందరు, "ఇది ఆడపిల్లల పని, మన కెందులకు?" అని రేడియో కట్టివేయ జూతురేమో. కొంచెము ఆగుడు. అంగడిలో దారము కొనుటకు పైకము మీ చేతినుండియే కదా వెడలునది! కావున దానిని పరీక్షించుటయు మీకు తెలిసియుండవలెను. అదిగాక నేను ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పి, ఉద్యోగము మానిన పిమ్మట, నా మనుమరాలికి శిష్యుడనై ఈ విద్య నేర్చుకొంటిని. పురుషుడు అల్లుట వింత కాదు. పెరూ దేశమున టిటికాకా సరస్సునందు టకీలే అను ద్వీపము కలదు. అచ్చట టోపీలు అల్లుట మగవారి పని. బాలురు చిన్ననాటనే దాని నభ్యసింతురు. ఆ ద్వీపవాసుల నేత, అల్లిక విద్యలను 2005వ సంవత్సరమున యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముగా ప్రకటించెను.

ఇందు మొదట గ్రహింపవలసిన సూత్ర మొక్కటియే. అల్లికలో వెలగలది దారము కాదు, శ్రమ. పెద్దవానికి నిండుచేతుల స్వెట్టరు అల్లవలెనన్న వేలకొలది కుట్లు వేయవలెను. దినమునకు రెండుగంటలు కూర్చున్నను ఒకటి రెండు మాసములు పట్టును. అట్టి శ్రమను నాసిరకపు దారముమీద పోయుట, ఊసరక్షేత్రమున మేలైన విత్తనము చల్లుట వంటిది. కాబట్టి ముందు ఎన్నిక, తరువాత అల్లిక.

శబ్దమును గూర్చి ఒక్క ముక్క చెప్పనిండు. పండితుని నోటికి అది అలవాటు. సంస్కృతమున గొఱ్ఱెబొచ్చునకు ఊర్ణ యని పేరు. దానినుండి ప్రాకృతము ద్వారమున మన 'ఉన్ని' వచ్చినది. ఇంగ్లీషువారి 'వుల్' శబ్దమును ఆ ఊర్ణ శబ్దమును ఒకే ప్రాచీనమూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ వుల్ మనవారి నోట 'ఊలు' అయినది. కావున ఉన్నియు ఊలును దూరదేశములందు పెరిగి, మరల మన యింట కలిసికొన్న జ్ఞాతులు.

నేతకును అల్లికకును భేద మిది. నేతలో పడుగు, పేక అని రెండు దారములు అడ్డముగా నిలువుగా పోవును. అల్లికలో ఒక్కదారమే ఉచ్చులోనుండి ఉచ్చుగా సాగును. ఈ ఉచ్చునే మన స్త్రీలు కుట్టు అందురు. ఉచ్చులు సాగి మరల ముడుచుకొనును గనుక అల్లిన వస్త్రము ఒంటికి అంటిపెట్టుకొని యుండును. నరసాపురము ప్రాంతపు స్త్రీలు కొక్కెము గల ఒంటిసూదితో అల్లు లేసు వేరు. రెండుసూదుల అల్లిక వేరు. ఆ సూది యీ పనికి రాదు.

ఇక దారము. కొనుటకు ముందు, "దీని నెవరు ధరింతురు? ఎట్లు ఉతుకుదురు?" అని అడుగుకొనవలెను. మన తెలుగుదేశమున చలి అంతటను ఒక్కతీరుగా లేదు. అరకు, లంబసింగి, ఆదిలాబాదు ప్రాంతములందు పుష్యమాసపు చలికి మంచి ఉన్ని తగును. సముద్రతీరపు గ్రామములలో అదే ఉన్ని వేసికొన్న చెమటయే మిగులును. అచ్చట నూలుదారము మేలు. నూలు మెత్తన, చల్లన. కాని బరువెక్కువ, సాగిన పిదప ముడుచుకొను గుణము తక్కువ. అందుచే నూలుతో అల్లునపుడు కొంచెము సన్ననిసూదితో బిగువుగా అల్లవలెను. లేనిచో కొన్నినాళ్ళకే అంచు మోకాలివఱకు జారును.

ఉన్నిలోను జాతులు కలవు. తెలంగాణమున కురుమలు గొంగళ్ళు నేయు దక్కనీ గొఱ్ఱెల ఉన్ని ముదుక. వానకును చలికిని గొంగడి పెట్టనికోట. కాని ఆ ఉన్నిని ఒంటి కంటునట్లు ధరించిన గీరుకొనును. మెరినో జాతి గొఱ్ఱెల ఉన్ని మిక్కిలి సన్నము, మృదువు. దారమును చేతితో తడిమి చూచుట చాలదు, అరచేయి మొద్దుబారినది. మెడ ప్రక్కన గాని, మోచేతి మడతలో గాని కొంతసేపు రుద్ది చూడుడు. అచ్చట గుచ్చుకొననిది ఒంటికి పనికివచ్చును.

మూడవది ఆక్రిలిక్ దారము. ఇది యంత్రశాలలో రసాయనద్రవ్యములతో చేయబడునది. చవుక, తేలిక, సబ్బుతో ఉతికినను ముడుచుకొనదు, చిమ్మెట ముట్టదు. నిందింపదగినది కాదు. కాని దానికొక దోషము కలదు. నిప్పు తగిలిన కరగి చర్మమున కంటుకొనును. ఉన్ని అట్లు కాదు. సులభముగా మండదు, మండినను నిప్పు తొలగించిన వెంటనే ప్రాయికముగా ఆరిపోవును. మా వీధిలో ఒక యిల్లాలు సంతలో "అచ్చమైన ఉన్ని" యని చెప్పగా నమ్మి దారము కొని, కార్తికమునుండి పుష్యమువఱకు శ్రమపడి కుమారునికి స్వెట్టరు అల్లినది. భోగినాడు పిల్లవాడు దానిని తొడుగుకొని మంటయొద్ద నిలువగా ఒక రవ్వ ఎగిరి చేతిపై బడెను. ఉన్నియైనచో మాడి ఊరకుండెడిది. అది కరగి బొబ్బలెక్కించినది. గాయము చిన్నదియే, మానినది. కాని ఆ తల్లి మరల ఆ స్వెట్టరును బిడ్డకు తొడుగలేదు. రెండుమాసముల శ్రమ పెట్టె అడుగున పడియున్నది. అమ్మినవాడు చెప్పిన ఒక్క అబద్ధపు ఫలమది.

అబద్ధమును కనిపెట్టుట యెట్లు? తర్కశాస్త్రమున పొగను జూచి నిప్పును ఊహింతురు. ఇచ్చట పొగవాసనను బట్టి దారమును ఊహింతుము. జానెడు దారము తెగద్రుంచి, పటకారుతో పట్టుకొని, నీటిపళ్ళెరముపైన నిలిపి, అగ్గిపుల్లతో కాల్చుడు. వెండ్రుక కాలిన కంపు కొట్టి, వ్రేళ్ళతో నలిపిన పొడియగు నల్లనిబూడిద మిగిలినచో అది ఉన్ని. కాగితము కాలిన వాసన వచ్చి, తెల్లని మెత్తనిబూడిద మిగిలినచో అది నూలు. కరగి, చల్లారినపిదప గట్టిపూసవలె గడ్డకట్టినచో అది ఆక్రిలిక్ మొదలగు కృత్రిమదారము. రెండును కలిపి వడికినచో రెండు లక్షణములును కనబడును. ఒక్క ఉండ కొని యింట ఈ పరీక్ష చేసి, తరువాత మిగిలినది కొనుడు.

పసిబిడ్డలకు అల్లువారు మరింత జాగరూకులై యుండవలెను. బొచ్చు లేచు దారము కూడదు. ఆ పోగులు బిడ్డ నోటబడును. టోపీకి, అంగీకి మెడచుట్టు నాడాలు కట్టకూడదు. చేతిజోళ్ళకును మేజోళ్ళకును లోపలి ప్రక్కన వదులుపోగు ఒక్కటియు మిగులరాదు. ఆ పోగు బిడ్డ వ్రేలికి చుట్టుకొని బిగిసిన రక్తము ఆడక వ్రేలికే ముప్పు కలుగును. బిడ్డ ఏల యేడ్చుచున్నదో పెద్దలకు తెలియదు. కావున తొడుగుటకు ముందు లోపలి ప్రక్కను బైటికి త్రిప్పి చూచుట నియమముగా పెట్టుకొనుడు.

దారమున పేటలను కూడ చూడవలెను. రెండు పేటలది, నాలుగు పేటలది, దానికంటె లావైన డబుల్ నిట్టింగ్ అనునది అంగళ్ళలో దొరకును. సన్నదారముతో అల్లిక నాజూకు, కాలము అధికము. నేర్చుకొనువారికి డబుల్ నిట్టింగ్ తగును. లేతరంగు కొనుడు, నల్లనిదారమున ముసలికన్నులకు కుట్లు కానరావు. పురి చక్కగా ఎక్కినదో లేదో చూడుడు. పురి సడలిన దారము సూదిమొనకు చీలును. ఉండచుట్టు నున్న కాగితముపై రంగుతొట్టి సంఖ్య అచ్చువేసియుండును. ఒకే రంగైనను వేఱుతొట్టిలో అద్దిన దారము ఛాయ మారును. అందుచే పనికంతటికిని కావలసిన ఉండలు ఒకే సంఖ్యగలవి ఒక్కమారే కొనవలెను. తూకముకంటె పొడవు ముఖ్యము. నూరుగ్రాముల నూలు నూరుగ్రాముల ఆక్రిలిక్‌కంటె సామాన్యముగా పొడవు తక్కువ.

ఇక సూదులు. లోహపుసూది నునుపు, కుట్లు వేగముగా జారును. చేయి తిరిగినవారికి అది యోగ్యము. వెదురుసూది కుట్టును కొంచెము పట్టి నిలుపును, తేలిక, చలిలో చల్లబడదు. క్రొత్తవారికిని, వృద్ధులకును అదియే మేలు. కొనునపుడు సూదిని చెంపపై మెల్లగా రాచి చూడుడు. పెళుసు తగిలినచో దారము చిక్కుకొనును. మొన మిక్కిలి వాడియైన వ్రేలిని గుచ్చును, మిక్కిలి మొద్దైన కుట్టులో దూరదు.

సంఖ్యలయందు ఒక చిక్కు కలదు. మన అంగళ్ళలో నేటికిని పాత ఇంగ్లీషు సంఖ్యలు వాడుకలో నున్నవి. ఇందు సంఖ్య పెరిగినకొలది సూది సన్నమగును. 8వ సంఖ్య సూది 4 మిల్లీమీటర్లు. 14వ సంఖ్యది 2 మిల్లీమీటర్లు. అమెరికావారి లెక్క తలక్రిందులు. వారి 8వ సంఖ్య 5 మిల్లీమీటర్లు. కావున పుస్తకము చూచి అల్లువారు సంఖ్యను నమ్మక మిల్లీమీటర్లనే నమ్మవలెను. డబుల్ నిట్టింగ్ దారమునకు 4 మిల్లీమీటర్ల సూది సామాన్యముగా సరిపోవును.

పొడవైన జతసూదులతో అల్లునపుడు వస్త్రపు బరువంతయు మణికట్లమీద పడును. రెండు పొట్టిసూదులను మెత్తనితీగతో కలిపిన వలయపుసూది యున్నది. దానితో అల్లినచో బరువు ఒడిలో నిలుచును. ఏండ్లతరబడి సుద్దముక్క పట్టిన నా బొటనవ్రేలి కీలు జతసూదులతో అరగంటకే సలుపుచుండెడిది. వెదురు వలయపుసూది పట్టినది మొదలు గంటసేపు కూర్చున్నను బాధలేదు. ఐనను అరగంట కొకమారు లేచి చేతులు విదిలించుట మంచిది. నొప్పిని ఓర్చుకొని అల్లుట తపస్సు కాదు, అవివేకము.

సూదియు దారమును కుదిరినవో లేవో తేల్చునది నమూనాచదరము. జానెడు చదరము అల్లి, తడిపి, ఆరబెట్టి, నడుమ పది సెంటీమీటర్లలో కుట్లెన్నియో లెక్కింపుడు. పుస్తకములో 22 కుట్లని యున్నదనుకొందము. 90 సెంటీమీటర్ల చుట్టుకొలతకు 198 కుట్లు వేయుదురు. మీ చేతి వదులుచే పది సెంటీమీటర్లకు 20 కుట్లే వచ్చినచో ఆ 198 కుట్లు 99 సెంటీమీటర్లగును. తండ్రికి అల్లినది తాతకు కూడ వదులగును! రెండు కుట్లు చిన్నవని తోచును; తొమ్మిది సెంటీమీటర్లు చిన్నవి కావు. కుట్లు తక్కువైన సన్ననిసూది, ఎక్కువైన లావుసూది మార్చి మరల చదరము అల్లుడు. ఒక సాయంకాలపు పని రెండుమాసముల పనిని కాపాడును.

తక్కిన పనిముట్లకు వ్యయ మక్కరలేదు. చిన్నకత్తెర, కొలతపట్టె, కొసలు దాచుటకు మొన మొద్దైన కుట్టుసూది ఒకటి చాలును. గుర్తులకు అంగడివారి ఉంగరములేల? రంగుదారపు ముక్కలను ముడివేసి సూదికి తగిలింపుడు. వరుసలు లెక్కించు యంత్రమునకు మారుగా చింతగింజలు చాలును. వరుస కొకటి కుడిగిన్నెనుండి ఎడమగిన్నెలో వేయుడు. అల్లిన ఉన్నిని వేడినీట ముంచి రుద్దకుడు. అది ముడుచుకొని అట్టవలె దళసరియగును. చల్లనినీట నానబెట్టి, పిండక అదిమి, నేలపై గుడ్డ పరచి ఆరబెట్టుడు. త్రాటిపై వ్రేలవేసిన సాగిపోవును.

వయసు మీరినవారికి తీరిక యెక్కువ, పని తక్కువ. ఆ తీరికను అరుగులమీద పరనిందలతో గడపుట కంటె రెండు సూదులతో గడపుట మేలని నా యభిప్రాయము. వ్రేళ్ళు కదలును, మనస్సు లెక్కయందు నిలుచును, చలికాలమున ఇంట ఒక బిడ్డకు వెచ్చదనము కలుగును. రాబోవు సంతలో మీ కోడలో, మనుమరాలో ఊలు కొనవచ్చినపుడు మీరును వెంట నడువుడు. ఒక్క ఉండ మాత్రమే కొనిపించి, ఇంటికి తెచ్చి కాల్చి చూడుడు.

ఇక సెలవు.