ఆయుధాలలో మన వాటా

సికింద్రాబాదు సైనిక స్థావరంగా పుట్టిన పట్టణం. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు మీదుగా వెలసిన ఈ ఊరిలో, తిరుమలగిరి మొదలు బొలారము వరకు సైన్యంతో సంబంధం లేని వీథి అరుదు. నగరానికి దక్షిణాన కంచన్‌బాగులో, 1970లో స్థాపితమైన భారత్ డైనమిక్స్ సంస్థ క్షిపణులను తయారు చేస్తున్నది. దాని పొరుగుననే, 1973లో నెలకొల్పిన మిధాని కర్మాగారం క్షిపణులకూ అంతరిక్ష వాహనాలకూ కావలసిన ప్రత్యేక లోహాలను సిద్ధం చేస్తున్నది. ఇటువంటి చోట ఉండి, 'ఆయుధ కంపెనీలలో మన పొదుపు సొమ్ము ఉండవచ్చునా?' అని అడగడం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన అవసరం ఇతరులకన్న మనకే ఎక్కువ అని నా అభిప్రాయం.

చాలాకాలం ఈ ప్రశ్న గృహస్థుని ముందుకు రాలేదు. ఈ రెండు కర్మాగారాలలోనూ వాటాలన్నీ ప్రభుత్వానివే. 2018 మార్చిలో ప్రభుత్వం రెండింటి వాటాలలోనూ కొంత భాగాన్ని ప్రజలకు విక్రయించింది. భారత్ డైనమిక్స్ షేరు అప్పుడు 428 రూపాయలు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాటాలు కూడ ఆ నెలలోనే బజారుకు వచ్చాయి. 2022లో రక్షణ కంపెనీల కొరకు ప్రత్యేకంగా ఒక సూచీ ఏర్పడింది. 2023లో ఆ రంగానికే పరిమితమైన మ్యూచువల్ ఫండు వెలువడింది. మచిలీపట్నంలోనూ హైదరాబాదులోనూ కర్మాగారాలున్న భారత్ ఎలక్ట్రానిక్స్, 2024 సెప్టెంబరు చివర నిఫ్టీ 50 సూచీలో చేరింది. అనగా ఆ సూచీని అనుసరించే ఫండులో నెలకు అయిదు వందలు దాచుకునే ఉపాధ్యాయురాలు కూడ, తనకు తెలిసినా తెలియకపోయినా, రాడారులలో వాటాదారు. 2015 నుండి ఉద్యోగుల భవిష్యనిధిలో కొంత భాగం కూడ ఇటువంటి ఫండులలోకే పోతున్నది.

దేశానికి రక్షణ వద్దని నేను అనడం లేదు. 2025 మే మాసంలో సరిహద్దుకు ఆవలినుండి వచ్చిన దాడులను అడ్డుకొన్న సాధనాలలో మన కంచన్‌బాగులో తయారైన ఆకాశ్ క్షిపణి ఒకటి. దానిని చేసిన కార్మికుని గాని, ప్రయోగించిన సైనికుని గాని తప్పు పట్టే హక్కు ఎవరికి ఉన్నది? అయితే ఆ ఇద్దరికీ, వాటాదారుకూ మధ్య ఒక భేదం ఉన్నది. కార్మికుడు చేసిన పనికి జీతం తీసుకుంటాడు. సైనికుడు తన ప్రాణాన్ని ఒడ్డుతాడు. కనుకనే శాంతిని అందరికంటె ముందు కోరేది అతడే. వాటాదారు పని చేయడు, ప్రాణం ఒడ్డడు. ఆర్డర్లు పెరగాలని ఎదురుచూస్తాడు. ఆయుధాలకు ఆర్డర్లు పెరిగేది లోకంలో భయం పెరిగినప్పుడు. ఆ మే మాసంలోనే సరిహద్దు గ్రామాల ప్రజలు ఇండ్లు విడిచి పోతూ ఉంటే, ఇక్కడ రక్షణ కంపెనీల షేర్ల ధరలు పైకి లేచాయి. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట వెనకటికి ఒకడు. తెలియకుండానే మనం ఆ వరుసలో నిలబడుతున్నామేమో చూసుకోవాలి.

'షేరు కొనడం దేశసేవ కాదా?' అని అడుగుతారు. కాదు. 2018లో భారత్ డైనమిక్స్ విక్రయించినవి కొత్త వాటాలు కావు. ప్రభుత్వం చేతిలో ఉన్నవే. ఆ డబ్బు ఖజానాకు చేరింది గాని కర్మాగారానికి చేరలేదు. ఈనాడు బజారులో మనం షేరు కొంటే, ఆ సొమ్ము అమ్మినవాని చేతికి పోతుంది. సైన్యానికి కావలసిన ధనం మనం కట్టే పన్నులనుండి వస్తున్నది. ఆ బాధ్యత అందరిదీ. అందుచేత షేరు కొన్నవాడు దేశానికి మేలు చేసినట్లూ కాదు, అమ్మినవాడు కీడు చేసినట్లూ కాదు. పైగా ఈ ఆయుధాలన్నీ మన సరిహద్దుకే పోవడం లేదు. 2013-14లో 686 కోట్ల రూపాయలుగా ఉన్న మన రక్షణ ఎగుమతులు 2024-25లో 23,622 కోట్లకు చేరాయి. ఎగుమతి అయిన ఆయుధం ఎవరిపై గురిపెట్టబడుతుందో వాటాదారు నిర్ణయించలేడు.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. గృహస్థుడైన ఉపాసకుడు చేయరాని అయిదు వర్తకాలను బుద్ధుడు చెప్పినట్లు అంగుత్తర నికాయంలో ఉన్నది. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మద్యం, విషం. ఆ వరుసలో మొదటిది ఆయుధాలు. అమరావతి స్తూపానికి దానాలిచ్చినవారిలో వర్తకులున్నారని శాసనాలు చెబుతున్నాయి. వర్తకం తప్పని వారు విని ఉండరు. ఏ వర్తకమో చూసుకొమ్మని విని ఉంటారు. మన కాలంలో, క్లస్టర్ బాంబులు చేసే సంస్థలలో పెట్టుబడిని 2007లో బెల్జియం చట్టరీత్యా నిషేధించింది. పాలస్తీనా భూభాగంలో కట్టిన అడ్డుగోడకు నిఘా పరికరాలు అందించిందన్న కారణంతో, 2009లో నార్వే తన ప్రభుత్వ నిధినుండి ఎల్బిట్ అనే ఇస్రాయెలు కంపెనీని తొలగించింది. ఆ ఎల్బిట్ సంస్థయే అదానీ సంస్థతో కలిసి, 2018 డిసెంబరులో మన హైదరాబాదులో మానవరహిత విమానాల కర్మాగారం తెరిచింది. దూరదేశపు ప్రశ్న మన గుమ్మం వరకూ రావడానికి తొమ్మిదేండ్లు పట్టింది.

'నేను అమ్మితే మరొకడు కొంటాడు, కర్మాగారం ఆగుతుందా?' ఆగదు. ఆ మాట ఒప్పుకోవలసిందే. మన అమ్మకం వల్ల మారేది కర్మాగారం కాదు, మన కోరిక. ఉదయం వార్తలు వింటూ, యుద్ధం వస్తుందన్న మాట చెవిన పడినప్పుడు, మనసులో ఏ మూలనో లాభం లెక్క కదలకుండా ఉండడమే దాని ఫలం. అది చిన్నదని నేను అనుకోను.

నిశ్చయించుకొన్నవారు ముందుగా తమ పేర ఉన్న షేర్ల జాబితా వ్రాసుకోవాలి. మ్యూచువల్ ఫండులు తమ సొమ్ము ఎక్కడెక్కడ ఉన్నదో నెలనెలా ప్రకటిస్తాయి. దానిని తెప్పించి చదవాలి. తరువాత ఎవరి గీత వారు గీసుకోవాలి. క్షిపణి చేసే సంస్థ వద్దనుకొన్నవారు, అంతరిక్షానికీ లోహం పోసే మిధానిని ఏమి చేయాలి? హజీరాలో ఫిరంగులు చేస్తూనే వంతెనలు కట్టే లార్సెన్ అండ్ టూబ్రోను ఏమి చేయాలి? ఈ గీత ఇంటిల్లిపాదీ కూర్చొని తేల్చుకోవలసినది. అమ్మకం తొందరపడి చేయనక్కరలేదు. 2024 జూలై 23 తరువాత అమ్మిన వాటాలపై, ఏడాదికి మించి ఉంచుకొన్నట్లయితే, సంవత్సరానికి లక్షా పాతికవేలు దాటిన లాభంపై పన్నెండున్నర శాతం పన్ను ఉన్నది. ఏడాది లోపుగా అమ్మితే లాభంపై ఇరవై శాతం. కనుక కొంచెం కొంచెంగా అమ్ముకోవచ్చు.

భవిష్యనిధి మన చేతిలో లేదు. బ్యాంకు ఎవరికి అప్పిస్తున్నదో మనకు పూర్తిగా తెలియదు. నూటికి నూరుపాళ్లూ నిర్మలమైన రూపాయి ఎక్కడా దొరకదు. అందుచేత మన చేతిలో ఉన్న రూపాయి విషయంలోనైనా ఉడుతాభక్తిగా జాగ్రత్త పడవచ్చు. పిల్లల చదువు కొరకు దాచిన సొమ్ము ఇతరుల పిల్లల భయం వల్ల పెరగకూడదని ఒక కుటుంబం తీర్మానించుకొంటే, అది ఆ ఇంటి లెక్కల పుస్తకంలో ఒక చిన్న పంక్తి మాత్రమే. ఆ పంక్తిని వ్రాసే అధికారం ఆ ఇంటివారిదే.